డాబా మీది ఉద్యోగం, రెండు దేశాల పన్ను

సెల్‌ఫోన్‌కు వచ్చే కాల్స్ మీద డబ్బులు కోయడం మానేసిన కాలంలో నాకు ఒక కొత్త ఉద్యోగం దొరికింది. ఫ్యాక్టరీ నైరోబీలో. నేను పటాన్‌చెరు దగ్గర కర్దనూర్‌లో, మా ఇంటి డాబా మీద. ఈ ముక్క చెబితే ఊళ్లో ఎవరూ నమ్మలేదు. వాళ్లను తప్పు పట్టలేను. నేను చెప్పేవాటిలో సగం ఎప్పుడూ అబద్ధమే, అది ఏ సగమో తేల్చుకునే ఓపిక వాళ్లకు లేదు.

ఏడో తరగతితో బడి మానేశాను. ఆ రోజు మా లెక్కల సారు కూడా ఊపిరి పీల్చుకున్నాడని విన్నాను. తర్వాత పటాన్‌చెరులో మందుగోలీలు తయారుచేసే ఫ్యాక్టరీలో హెల్పర్‌గా చేరి, పొడిని గోలీలుగా కొట్టే మిషన్ల దగ్గర ఫిట్టర్ దాకా ఎదిగాను. రోజంతా టకటకమని కొడుతూనే ఉంటాయవి. వాటి పక్కన ఏళ్లకేళ్లు నిలబడినవాడికి ఒకచోట కూర్చునే గుణం పోతుంది. నాకు మొదటినుంచీ తక్కువే, ఉన్న కొంచెమూ అక్కడ పోయింది.

కొన్నేళ్లకు ఆ ఫ్యాక్టరీ మూతపడింది. మిషన్లను నైరోబీలో ఉండే ఒక గుజరాతీ సేట్ కొన్నాడు. పాత మిషన్లు ముసలి పెద్దమనుషుల్లాంటివి, ఎక్కడ పట్టుకుంటే ఊరుకుంటాయో తెలిసినవాడు పక్కన ఉండాలి. అందుకని సేట్ నన్ను కూడా రమ్మన్నాడు. మిషన్లు ఓడలో వెళ్లాయి, నేను విమానంలో. మా ఇద్దరిలో నా మీద ఎక్కువ ఖర్చుపెట్టిన సందర్భం అదొక్కటే.

రెండేళ్లు చేసి వచ్చేశాను. ఇంటికి వచ్చిన రోజు నా భార్య అన్నం పెట్టి, ఎదురుగా కూర్చుని, చాలా మెల్లగా ఒక మాట చెప్పింది.

“తిను. తిన్నంక ఇను. ఇంకోపాలి పోతనంటె నేనొద్దన. గని నువ్వు మల్ల వచ్చేసరికి ఇంటికి తాళం ఉంటది. నేను మా అన్నోళ్ల తాన ఉంట.”

“తాళంచెవి ఏడ పెట్టి పోతవ్?” అన్నాను.

నా మాటలకు నవ్వకుండా ఉండటం ఆమెకు కొత్త కాదు. ఆ రోజు నవ్వకపోవడం మాత్రం వేరేగా ఉంది. అన్నం మెతుకులు కెలుకుతూ పోను అని చెప్పాను. పోను అని ఇంకోసారి కూడా చెప్పాను. ఆమె ఒక్కసారి కూడా తల ఊపలేదు.

నేను వచ్చేసిన కొన్నాళ్లకే సేట్ ఫోన్ చేశాడు. ఒక మిషన్ మొరాయించిందట. ఏం చెయ్యాలో చెప్పాను, తిరిగింది. తర్వాత ఇంకోటి మొరాయించింది, అదీ తిరిగింది. ఆఖరికి సేటే అన్నాడు, నువ్వు అక్కడే ఉండి ఫోన్‌లో చూసుకో, నెలనెలా జీతం పంపుతాను అని.

ఫోన్‌లో మిషన్ బాగుచేయడం ఏదో మహిమ అనుకుంటారు జనం. అందులో మిషన్ సంగతి తక్కువ. గోలీ పగులుతోందని అక్కడి ఆపరేటర్ అంటాడు. నిన్న ఏం ముట్టుకున్నావని నేనడుగుతాను. ఏమీ ముట్టుకోలేదంటాడు. ఎవరూ ముట్టుకోకుండా చెడిపోయే మిషన్లు కావవి. సగం హిందీ, పావు ఇంగ్లీషు, మిగతాది వాళ్ల భాష కలిపి ఇంటి సంగతులు అడిగి, కొంచెం నవ్వించి, తిప్పితిప్పి మళ్లీ అదే అడిగితే, అప్పుడు చిన్న గొంతుతో, ఒక నట్టు కొంచెమే బిగించానంటాడు. ఆ కొంచెమూ వెనక్కి తిప్పమంటాను. ఇదీ నా ఉద్యోగం. తొందరపడుతుంటే ‘పోలె పోలె’ అని అరిచేవాణ్ణి, వాళ్ల భాషలో మెల్లగా అని.

మా ఇంట్లో సిగ్నల్ డాబా మీదనే దొరికేది. అదీ తూర్పు పిట్టగోడ దగ్గర, పక్కింటి పెద్దమ్మ కోళ్లగూడుకు సరిగ్గా పైన. నడుస్తూ ఉంటేనే సిగ్నల్ నిలుస్తుందని నాకు ఎవరూ చెప్పలేదు, నేనే కనిపెట్టాను. అందుకని ఆ మూల నుంచి ఈ మూలకు, ఈ మూల నుంచి ఆ మూలకు, ఒక చెయ్యి చెవి దగ్గర, రెండో చెయ్యి గాలిలో నట్లు తిప్పుతూ తిరిగేవాణ్ణి. చేతి గడియారం నైరోబీ టైంలోనే ఉంచుకున్నాను, వాళ్ల షిఫ్టు ఎక్కడిదాకా వచ్చిందో తెలుస్తూ ఉండాలని. నా భార్య అన్నానికి పిలిస్తే గడియారం చూసుకుని, ఇంకా టైం కాలేదు అనేవాణ్ణి.

గొడవ జీతంతో పాటే వచ్చింది. సేట్ పంపే జీతంలో అక్కడి సర్కారు పన్ను ముందే కోసుకునేది. సరే, వాళ్ల ఉప్పు తింటున్నాం కదా అనుకున్నాను. తర్వాత బ్యాంకులో ఒకాయన, బయటి దేశం నుంచి నెలనెలా జీతం పడుతుంటే ఇక్కడ కూడా పన్ను కట్టాలి, ఊరుకుంటే నోటీసు వస్తుందన్నాడు. పటాన్‌చెరులో టైర్ల దుకాణం మీది గదిలో ఒక ఆడిటర్ ఉండేవాడు. ఆయన దగ్గరికి పోయాను. నా కథంతా విని, కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు.

“అంటె నువ్వు ఈడ కూసుంటవ్. పని గాడ అయితది.”

“కూసోను సార్. నడుస్తుంట.”

“నడువ్, కూసో, ఏమన్న చెయ్యి. ఉండుడైతె ఈడనే గద?”

“ఈడనే.”

“మరి గాడ ఎందుకు కోస్తున్రు?”

“గది మిమ్మల్ని అడుగుదామనే వచ్చిన.”

“ఈడ ఉండేటోడు ఈడ పన్ను కట్టాలె. అది తప్పదు. గాడ గూడ కోస్తె ఒక్క జీతానికి రెండు పన్నులు.”

“ఒక్క బస్సుల ఇద్దరు కండక్టర్లు ఎక్కినట్టు.”

“గంతే. గట్ల కావద్దనే రెండు సర్కార్లు కూసోని ఒప్పందం జేసుకున్నయ్. మనిషి ఏడ ఉండి పని జేస్తడో గాడనే టికెటు. ఇంకొకడు కొట్టొద్దు.”

“మరి గా రెండో కండక్టరుకు ఎవలు చెప్పాలె?”

“నువ్వే చెప్పాలె. వీడు మా దేశంల ఉంటడని మన ఇన్‌కంటాక్స్ ఆఫీసోళ్లు కాయితం ఇస్తరు. గది సేట్‌కు పంపు. కోసుడు బంద్ అయితది.”

ఎంత సులువు! నేను ఇక్కడ ఉంటున్నానని సర్కారు ఒక కాగితం మీద రాయాలి, అంతే. నేను నిజంగానే ఇక్కడ ఉంటున్నాను కూడా. అంత నిజమైన పని మీద ఒక ఆఫీసు మెట్లెక్కడం నా జన్మలో అదే మొదలు.

సేట్‌కు ఫోన్ చేశాను. ఆయన మంచివాడే, కానీ వ్యాపారి. కాగితం త్వరగా వస్తే సరే అన్నాడు. రాకపోతే రెండు కోతలు పోగా మిగిలిన దాంతో నీ ఇల్లు నడవదు, నేను జీతం పెంచలేను, అప్పుడు నువ్వే ఇక్కడికి వచ్చెయ్, ఒక్కటే కోత, అన్నాడు. “టికెట్ మైఁ నికాల్తా హూఁ భాయ్,” అని, టికెట్ తనే తీస్తానని కలిపాడు. టికెట్ అన్నప్పుడు ఆయన గొంతులో ఆశ వినిపించింది.

ఇక్కడే వేరే పని చూసుకోవచ్చు కదా అంటారేమో. చూశాను. చుట్టుపక్కల ఫ్యాక్టరీలన్నీ అప్పటికి కాంట్రాక్టు కుర్రాళ్లతో నడుస్తున్నాయి. నా నెరిసిన తల చూసి గేటు దగ్గరే దండం పెట్టి పంపేవారు. కాబట్టి లెక్క తేలిపోయింది. కాగితం వస్తే డాబా మీద ఉంటాను. రాకపోతే విమానం ఎక్కుతాను, ఇంటికి తాళం పడుతుంది.

ఉంటున్నట్టు రుజువు చూపాలని ఆడిటర్ ముందుగా పాస్‌పోర్టు అడిగాడు.

“గది ముంబైల ఉన్నది సార్, సేట్ మనిషి తాన. పర్మిట్ కొత్తది కొట్టిస్తనని తీస్కున్నడు.”

“పోతలేనంటివి గద?”

“నేను పోతలేను. సేట్ ఊకుంటలేడు.”

“రేషన్ కార్డు?”

“నేను పోయినప్పుడు పేరు కొట్టేసిన్రు.”

“ఓటు?”

“గది గూడ.”

ఆయన నన్ను కింది నుంచి పైదాకా చూశాడు. “మనిషివైతె కనవడుతున్నవ్,” అన్నాడు. “ఇగ ఒక్కటే దారి. దరఖాస్తు పెడుదాం. సంగారెడ్డి నుంచి ఇన్‌స్పెక్టర్ ఇంటికొచ్చి చూసుకోని రాస్తడు.”

“ఎన్నడొస్తడు సార్?”

“చెప్పి వస్తె గది ఎంక్వైరీ ఎట్లయితది? సుట్టరికమైతది.”

ఇక్కడ మా ఊరి పద్ధతి ఒకటి చెప్పాలి. ఫ్యాక్టరీలకు, ప్లాట్లకు పొలాలు అమ్మినవాళ్లు ఆ పైసలతో ఆటోలు, డీసీఎంలు, ట్రాక్టర్లు తీసుకున్నారు. కొంత చేతిలోంచి, కొంత ఫైనాన్స్. ముత్తంగి వైపు మట్టి పనులు నడిచినన్నాళ్లు కిస్తీలు నడిచాయి, పనులు ఆగితే కిస్తీలు ఆగాయి. అప్పటినుంచి ఇస్త్రీ చొక్కా వేసుకుని, చంకలో ఫైలు పెట్టుకుని ఎవరన్నా ఊళ్లోకి వచ్చి ఒకరి పేరు అడిగితే ఊరంతా చెప్పేది ఒక్కటే మాట, ఈడ ఉండడు అని. ఎవరూ ఎవరికీ నేర్పలేదు. పొలం గట్టు కోసం తలలు పగలగొట్టుకున్న అన్నదమ్ముల్లో ఒకడి కోసం ఫైనాన్సువాళ్లు వస్తే, రెండోవాడే ముందుకొచ్చి “బొంబాయి పోయిండు” అంటాడు. ఈ విద్యలో నాకు మంచి పేరుంది. పక్కింటి పెద్దమ్మ కొడుకు ఆటో గుంజుకుపోదామని వచ్చిన ఒకాయన్ను నేను జిన్నారం పంపాను. అక్కడ ఏ ఇల్లు అడగాలో కూడా చెప్పాను. ఆ ఇల్లు ఇప్పటికీ ఎవరూ కట్టలేదు.

ఆ రోజు నా భార్య కిరాణా దుకాణానికి పోయింది. నేను డాబా మీద ఉన్నాను. నైరోబీలో ఒక మిషన్ గోలీలను రెండుగా చీలుస్తోంది. ఆపరేటర్ ఇంకా ఏమీ ముట్టుకోలేదనే దగ్గరే ఉన్నాడు. కింద స్కూటర్ ఆగింది. దిగినాయన హెల్మెట్ తీశాడు. ఇస్త్రీ చొక్కా. ఫైలు. ఫైలు తెరిచి నా పేరు, మా నాన్న పేరుతో సహా గట్టిగా చదివాడు.

నేను ఏం చేశానో చెబితే మా ఆడిటర్ ఇప్పటికీ తల పట్టుకుంటాడు. ఫోన్ కట్ చేసి పిట్టగోడ వెనక కూలబడ్డాను. ఆలోచించి చేసింది కాదు, కాళ్లే ముడుచుకున్నాయి. నాకు ఏ ఫైనాన్సూ లేదు. ఇన్‌స్పెక్టర్ వస్తాడని తెలుసు, ఆయన కోసమే ఎదురుచూస్తున్నాను కూడా. కానీ నా ఊహలో ఇన్‌స్పెక్టర్ అంటే జీపు, పక్కన బంట్రోతు. స్కూటర్ మీద ఫైలుతో వచ్చినవాడు పేరు పిలిస్తే మా ఊళ్లో పుట్టిన ఒళ్లు పలకదు, దాక్కుంటుంది.

కింద అరుగు మీద పెద్దమ్మ ఉంది.

“ఎవలు కావాలె బిడ్డా?”

ఆయన నా పేరు మళ్లీ చెప్పాడు.

“ఆడా? అయ్యో, ఆడు ఈడెక్కడున్నడు! ఫారిన్ పోయి ఏండ్లయితుంది.”

“ఈ మధ్య తిరిగి వచ్చారని రాశారమ్మా.”

“ఎవలు రాసిన్రు? రాలె. పెండ్లాం పాపం తొవ్వ సూసి సూసి యాష్టకొచ్చింది.”

“అయితే అక్కడే ఉంటున్నాడా?”

“ఉండుడేంది, ఇల్లే గట్టిండు గాడ. రెండంతస్తులది. ఇగ రాడు. మాకు ఫోటో గూడ పంపిండు.”

పిట్టగోడ వెనక నేను మురిసిపోయాను. ఆ ఫోటో ముక్క ఎంత గొప్పగా కలిపింది! ఆయన ఏదో రాసుకుని, ఆమెకు దండం పెట్టి, స్కూటర్ ఎక్కి వెళ్లిపోయాడు. చప్పుడు దూరమయ్యాక లేచి కిందికి వంగాను.

“పెద్దమ్మా, రెండంతస్తులే ఏసినవేంది? మూడు ఏస్తె నీ సొమ్మేం పోతుండె?”

“నీకు గంత తాకతు ఏడిదిరా?” అంది, గింజలు చల్లుతూ.

ఆ వారంలోనే ఆడిటర్ ఫోన్ చేశాడు.

“ఏడున్నవ్?”

“ఇంట్ల సార్.”

“ఏ ఇంట్ల? రెండంతస్తుల దాంట్లనా?”

ఆ మాట విన్నాక డాబా మెట్లు ఎట్లా దిగానో నాకు గుర్తులేదు. సంగారెడ్డి బస్సులో సీట్లు ఖాళీగా ఉన్నా నిలబడే పోయాను. ఆడిటర్ రెండుసార్లు కూర్చోమన్నాడు, తర్వాత కిటికీలోంచి బయటికి చూడటం మొదలుపెట్టాడు.

ఇన్‌స్పెక్టర్ నెమ్మదస్తుడు. నన్ను చూసి ఆశ్చర్యపోలేదు. ఎదుటి కుర్చీ చూపించాడు.

“మీ పక్కింటామె స్పష్టంగా చెప్పారు కదా.”

“ఆమె అబద్ధం చెప్పింది సార్.”

“మీకూ ఆమెకూ ఏమైనా తగాదాలున్నాయా?”

“లేవు సార్. ప్రేమతోటి చెప్పింది.”

ఆడిటర్ బల్ల కింద నా కాలు తొక్కాడు.

“నేను వచ్చినప్పుడు మీరెక్కడ ఉన్నారు?”

“ఇంటి మీద సార్.”

“ఇంటి మీద అంటే?”

“డాబా మీద. పిట్టగోడ ఎనక.”

“నేను మీ పేరు పిలవడం వినబడలేదా?”

“మా నాయిన పేరు గూడ ఇనవడ్డది సార్.”

“మరి ఎందుకు పలకలేదు?”

“మిమ్మల్ని ఫైనాన్సాయన అనుకున్న సార్.”

ఆయన ఒకసారి తన చొక్కా వంక చూసుకున్నాడు. నవ్వుతాడేమో అనుకున్నాను. నవ్వలేదు, కలం పక్కన పెట్టాడు. గోడ గడియారం ఆగిపోయి ఉన్నట్టుంది, “టైం ఎంతయింది?” అన్నాడు మామూలుగా. నేను చేతి గడియారం చూసి చెప్పేశాను. నేను చెప్పిన టైంకు ఆ ఆఫీసు తలుపులు కూడా తెరవరు. ఆయన ఆడిటర్ గడియారం వైపు చూశాడు, తర్వాత నా వైపు.

“ఇది ఏ దేశం టైం?”

నోరు తెరవబోయాను. ఆడిటర్ నా రెండో కాలు కూడా తొక్కాడు.

“మళ్లీ ఒకసారి వస్తాను,” అన్నాడు ఇన్‌స్పెక్టర్.

“ఎప్పుడు సార్?”

“వచ్చినప్పుడు.”

ఆ తర్వాతి రోజులు నాకు ఒళ్లంతా చీమలు పాకినట్టు గడిచాయి. ఇల్లు కదలడానికి లేదు. చాయ్ హోటల్‌కు పోలేదు, మంగలి దగ్గరికి పోలేదు. గడ్డం పెరిగి, నిజంగానే కిస్తీలు ఎగ్గొట్టినవాడిలా తయారయ్యాను. వీధిలో ఏ స్కూటర్ చప్పుడైనా మెట్లు దిగి ఉరికేవాణ్ణి. పాలవాడికి కుర్చీ వేశాను. గ్యాస్ సిలిండర్ తెచ్చినతనికి నా పేరు, మా నాన్న పేరు నేనే చెప్పి నమస్కారం పెట్టాను. ఫోన్‌లో ఆపరేటర్ ఒకటి చెబుతుంటే నా చెవి వీధిలో ఉండేది. వీధిలో నిలబడితే ఫోన్ మోగినట్టుండేది.

ఊళ్లోవాళ్లకు ముందే చెప్పిపెడదామని బయలుదేరాను. మూలమీద ఆటో తుడుచుకుంటున్న పెద్దమ్మ కొడుకే మొదట దొరికాడు.

“తమ్మీ, ఎవలన్న వచ్చి నన్ను అడిగితె ఉన్నడని చెప్పు.”

“సమజైందన్నా.” కన్ను కొట్టాడు. “లేవనే చెప్త.”

“కాదుర బయ్. నిజంగనే ఉన్నడని చెప్పాలె.”

గుడ్డ ఆపి నా గడ్డం వంక చూశాడు. గొంతు తగ్గించాడు. “గంత పెద్ద కేసా? నువ్వేం పరేషాన్ గాకన్నా. ఊరంత ఒక్క మాట మీద ఉంటం.”

నేను ఎంత బతిమాలితే వాళ్లకు అంత అనుమానం పెరిగింది. ఇన్నేళ్లూ వేళాకోళాలు ఆడినవాడు ఒక్కసారిగా మొహం సీరియస్‌గా పెట్టుకుని నిజం చెబితే, అది అన్నిటికంటే పెద్ద వేళాకోళం అనుకున్నారు.

పెద్దమ్మ కోపం వేరు. ఆఫీసులో తన మాట అబద్ధమని చెప్పి వచ్చానని ఆమెకు తెలిసింది.

“ఆఫీసర్ల ముంగట నన్ను అబద్ధాలదాన్ని జేసినవ్ గదరా!”

“పెద్దమ్మా, చెప్పింది అబద్ధమే గదనే.”

“నీ కోసం చెప్పిన! నీ ఇజ్జత్ కోసం రెండంతస్తులు గట్టిచ్చిన! ఇగ నువ్వు ఉన్నవా సచ్చినవా నాకెర్కలేదు పో.”

చెప్పినట్టే మాటలు మానేసింది. నేను పిట్టగోడ దగ్గరికి వస్తే తల పైకెత్తేది కాదు.

ఈలోగా సేట్ మళ్లీ ఫోన్ చేశాడు. పాస్‌పోర్టు మీద పర్మిట్ ముద్ర పడిందట, టికెట్ తీయమంటావా అన్నాడు. నేను మాట నములుతుంటే నా భార్య మెట్ల మీద బట్టల బకెట్‌తో ఆగి ఉంది. మధ్యాహ్నం నేను కిందికి వచ్చేసరికి గడప మీద కూర్చుని పాత తాళంలో దూదితో నూనె చుక్కలు వేస్తోంది. తాళంచెవి పెట్టి తిప్పి చూసింది. చప్పుడు లేకుండా తిరిగింది.

“మంచినూనెనా, కొబ్బరినూనెనా?” అన్నాను.

తాళం కొంగుతో తుడిచి మేకుకు తగిలించింది.

ఇన్‌స్పెక్టర్ రెండోసారి వచ్చిన రోజు సంగతి మొదటి సగం నా భార్య చెబితే తెలిసింది, ఆ టైంలో ఆమె వాకిట్లోనే ఉంది. నేను డాబా మీద గొంతు చించుకుంటున్నాను. మిషన్‌లోంచి పొగ వస్తోందని ఆపరేటర్ అంటున్నాడు, బంద్ చెయ్యమంటే చెయ్యడం లేదు. స్కూటర్ చప్పుడు నాకు వినిపించనే లేదు.

ఇన్‌స్పెక్టర్ నేరుగా మళ్లీ అరుగు దగ్గరికే పోయాడు. “అమ్మా, మీ పక్కింటాయన...”

“నాకెర్కలేదు సారూ. నన్నేం అడగకు. ఓపాలి చెప్తె ఆఫీసు దాక పోయింది.”

సరిగ్గా అప్పుడు పైనుంచి నా అరుపు. “బంద్ కరో! అరే పోలె పోలె!” కోళ్లు చెల్లాచెదురయ్యాయి. పెద్దమ్మ పళ్లు బిగబట్టుకుని ఊరుకుంది. నేను మళ్లీ అరిచాను. ఒక కోడిపెట్ట గూట్లోంచి ఎగిరి ఇన్‌స్పెక్టర్ స్కూటర్ మీద వాలింది. ఇక ఆమె వల్ల కాలేదు.

“వారీ! నీ గొంతు వడిపోను! పొద్దుగాల లేస్తె గిదే లొల్లి! గా ఫోన్ల ఎవనితోనో పోలె పోలె అని మొత్తుకోవట్టె, నా కోడి పొదుగుడే ఇడిసిపెట్టె!”

“రోజూ ఇట్లాగేనా అమ్మా?”

“రోజంటె రోజు సారూ! ఎండ లేదు వాన లేదు. పండుగ నాడు గూడ గంతే. పోయిన కోతలప్పటి సంది ఈడు నా నెత్తి మీదనే తిరుగుతున్నడు. అటు నడుస్తడు, ఇటు నడుస్తడు, ఓకాడ నిలువడు. జెర మీరన్న చెప్పున్రి!”

ఇన్‌స్పెక్టర్ ఫైలు అరుగు మీద పెట్టి రాసుకున్నాడట. సాక్ష్యం అడిగితే ఇవ్వనంది. ఫిర్యాదు ఎవరూ అడగలేదు, దాన్ని మాత్రం తేదీలతో సహా ఇచ్చింది.

ఆయన మెట్లెక్కి డాబా మీదికి వచ్చినప్పుడు నేను చూశాను. ఇస్త్రీ చొక్కా, ఫైలు. నా మోకాళ్లు సగం వంగాయి.

“దయచేసి కూర్చోకండి,” అన్నాడు.

నిలబడ్డాను. ఫోన్‌లో ఆపరేటర్ ఎట్టకేలకు ఒప్పుకుంటున్నాడు. వెనక్కి తిప్పమని చెప్పి పెట్టేశాను.

“ఏమంటున్నాడు?”

“కొంచెమే బిగించిండట సార్.”

కింద నా భార్య చాయ్ ఇచ్చింది. ఆయన సగం తాగి, గ్లాసు పక్కన పెట్టి, ఫైలు తెరిచి ఆమెను అడిగాడు. “ఈయన ఇక్కడే ఉంటున్నారని మీరు చెబుతున్నారా అమ్మా?”

అది ఊరికే అడిగే మాట. ఔనంటే అయిపోతుంది. నేను ఆమె మొహంలోకే చూస్తున్నాను. ఆమె కొంగుతో చెయ్యి తుడుచుకుంది.

“ఉంటడు సార్. ఇల్లు ఇడిసి ఎటు పోలె.” ఆయన రాయడం మొదలుపెట్టాడు. “గని ఉన్నట్టు ఉండడు. అన్నం ముంగట కూసుంటె చేతిల గాడి టైం. నేనొకటి చెప్తుంటె ఇంకోటి ఇంటడు. పిలిస్తె పలుకుతడు, పలికినంక ఏమన్నవ్ అని అడుగుతడు. గాడికి పోయినప్పుడే నయముండె సార్. ఫోన్ల మంచిగ మాట్లాడుతుండె.”

ఆయన కలం ఆగింది. మేకు మీద తాళం నూనెతో మెరుస్తోంది. నేను ఒక జోకు కోసం లోపలంతా వెతికాను. దొరకలేదు.

“మొదటిది రాసుకుంటానమ్మా,” అన్నాడు ఆయన మెల్లగా. “రెండోదానికి మా కాగితంలో చోటు లేదు.”

కాగితం వచ్చింది. నేను ఇక్కడి మనిషినని, ఇక్కడే ఉంటున్నానని ముద్ర వేసి ఉంది. సేట్‌కు పంపాను, అక్కడి కోత ఆగింది. ఇక్కడ పన్ను కట్టాను, ఒక్క బస్సుకు ఒక్క టికెటు. ముంబై నుంచి పాస్‌పోర్టు తెప్పించుకుని బియ్యం డబ్బా అడుగున పెట్టాను. నన్ను ఊళ్లో నిలబెట్టింది తానేనని పెద్దమ్మ అందరికీ చెప్పుకుంది. అందులో అబద్ధం వెతకడం నా వల్ల కాలేదు. గడియారాన్ని మన టైంకు తిప్పాను. తిప్పిన మర్నాడే షిఫ్టు టైం తప్పి తిట్లు తిన్నాను.

ఆ తర్వాత ఒక పొద్దున ఫోన్ మోగింది. మామూలుగానే ఆ మూలకు, ఈ మూలకు తిరుగుతున్నాను. నా భార్య చాటలో చిక్కుడుకాయలు వేసుకుని డాబా మీదికి వచ్చింది. ఎప్పుడూ రాదు. నీడలో చాప పరిచి కూర్చుని ఈనెలు తీయడం మొదలుపెట్టింది. నేను ఆమె పక్కనుంచి అటు పోయాను, ఇటు వచ్చాను.

“కూసో,” అంది.

ఫోన్‌కు చెయ్యి అడ్డం పెట్టాను. “కూసుంటె సిగ్నల్ పోతది.”

“ఎవలు చెప్పిన్రు?”

చాప అంచున కూర్చున్నాను. ఆపరేటర్ గొంతు అట్లాగే వినిపిస్తోంది, ఇంకా ఏమీ ముట్టుకోలేదంటున్నాడు. సిగ్నల్ పోలేదు. నా కాలు మాత్రం ఊగుతూనే ఉంది. ఆమె దాన్ని కాసేపు చూసి, చిక్కుడుకాయల చాట తీసి నా మోకాలి మీద పెట్టింది.